రేకుల ఇళ్ల కాలమ్: జనాభా లెక్కల్లో బెజవాడను చదివిన నా అనుభవం

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు వరద విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేటలను ముంచినప్పుడు మా మిత్రబృందం భోజనం పొట్లాలు, మంచినీళ్ల సీసాలు పంచింది. ఎవరు ఫోన్ చేస్తే అక్కడికి వెళ్లాం. నీళ్లు తగ్గాక ఆటోనగర్‌లో లేత్ షాపు నడిపే మిత్రుడు ఒక మాట అడిగాడు. “ఫోన్ చేసినోళ్ల దగ్గరికి పోయాం, సరే. చెయ్యలేనోళ్లు ఏ వీధిలో ఉన్నారో మనకి తెలుసా?” తలా ఒక పేట పేరు చెప్పాం. ఎవరి మాటకీ ఆధారం లేదు, ఎవరికి ఏ వైపు చుట్టాలుంటే ఆ వైపు పేరు చెప్పారు. ఆడిట్ ఆఫీసులో రోజంతా ఎక్సెల్‌తో కుస్తీ పట్టేవాణ్ణి నేనే కాబట్టి, జనాభా లెక్కల్లో ఏమైనా దొరుకుతుందేమో చూడమని ఆ పని నాకు అంటగట్టారు.

దొరికింది. కాకపోతే అందరూ ముందుగా చూసే కాలమ్‌లలో కాదు.

అసలు ఫైలు పట్టుకోవడమే ఒక పని. జనాభా లెక్కల వెబ్‌సైట్‌లో ఎన్టీఆర్ జిల్లా అని వెతికితే ఏమీ రాదు. వార్డుల వారీగా మన చేతికొచ్చే చివరి లెక్కలు 2011వి, ఎన్టీఆర్ జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్‌లో. 2011కి రాష్ట్రమే విడిపోలేదు. అందుకని ఆంధ్రప్రదేశ్ కోడ్ 28 కింద ఆదిలాబాద్ నుంచి చిత్తూరు దాకా 23 జిల్లాలూ ఒకే వరసలో ఉంటాయి. అందులో 547 కృష్ణా జిల్లా. దాంట్లోంచి విజయవాడ నగరానికి, అక్కడి నుంచి వార్డులకు దిగాలి. హైదరాబాద్ మీద పనిచేసేవాళ్లకి ఇంకా తలనొప్పి. గ్రేటర్ హైదరాబాద్ ఆ ఫైళ్లలో హైదరాబాద్, రంగారెడ్డి, మెదక్ జిల్లాల కింద ముక్కలుగా ఉంటుంది, అన్నీ ఏరుకుని కలుపుకోవాలి.

వార్డు కంటే కిందికి వెళ్లడానికి మనలాంటి బయటివాళ్లకి దారి లేదు. ఇల్లిల్లూ తిరిగి వివరాలు రాసుకునే ఒక ఎన్యూమరేటర్ చుట్టే బ్లాకులో నూటపాతిక, నూటయాభై కుటుంబాలుంటాయి. ఆ స్థాయి పట్టికలు దొరికితే వీధి వీధీ తెలిసిపోయేది. కానీ అవి బయట పెట్టరు. ఏ ఇంటివాళ్లు ఏం చెప్పారన్నది ఎవరికీ చూపకూడదని 1948 సెన్సస్ చట్టంలోనే ఉంది. ఉండాల్సిందే కూడా.

వార్డు స్థాయిలో పనికొచ్చే పట్టికలు రెండు రకాలు. ఒకటి జనాభా సారాంశం. 2011 ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా మనుషుల్ని లెక్కపెట్టినప్పటిది. ఆడ, మగ, ఆరేళ్లలోపు పిల్లలు, ఎస్సీ, ఎస్టీ, అక్షరాస్యులు, పనిచేసేవాళ్లు, చేయనివాళ్లు ఇందులో ఉంటారు. రెండోది ఇళ్ల పట్టిక. మనుషుల లెక్క కంటే ముందు, 2010 ఏప్రిల్, సెప్టెంబరు మధ్య ఇల్లిల్లూ తిరిగి 35 ప్రశ్నలు అడిగి తయారుచేసింది. ఇంటి కప్పు దేనిది, గోడ దేనిది, గదులెన్ని, సొంతమా అద్దెనా, నీళ్లు ఎక్కణ్ణుంచి, మరుగుదొడ్డి ఉందా, మురుగు కాలువ మూసిందా తెరిచిందా, గ్యాసా కట్టెలా, బ్యాంకు ఖాతా ఉందా, టీవీ, ఫోన్, సైకిల్, స్కూటర్, కారు. ఊరి గురించి రాసేవాళ్లలో ఎక్కువమంది జనాభా, అక్షరాస్యత చెప్పి మొదటి పట్టిక దగ్గరే ఆగిపోతారు. వీధుల సంగతి తెలిసేది రెండోదాంట్లోనే అని నా అభిప్రాయం.

మొదటిదాంతో కుస్తీ పట్టకుండా రెండోదానికి పోలేదు లెండి. పనిచేసేవాళ్ల కాలమ్ చూస్తే పేట స్వభావం తెలిసిపోతుందనుకుంటాం. అక్కడ ఉన్నవి నాలుగే గదులు: సాగుదారులు, వ్యవసాయ కూలీలు, ఇంటి పరిశ్రమ, ఇతరులు. పల్లెలకి సరిపోయే విభజన ఇది. బెజవాడలో దాదాపు అందరూ ‘ఇతరులే’. సూర్యారావుపేటలో పెద్ద డాక్టరూ, ఆయన ఆసుపత్రి ముందు సవారీ కోసం చూసే ఆటో డ్రైవరూ, లోపల నేల తుడిచే ఆవిడా ఒకే కాలమ్‌లో కూర్చుంటారు. ఇందులో నాకు కాస్తో కూస్తో పనికొచ్చింది ఏడాదిలో ఆరు నెలల కంటే తక్కువ పని దొరికినవాళ్ల లెక్క. అది ఎక్కువున్న వార్డులో నికరమైన పని లేనివాళ్లు ఎక్కువని అర్థమవుతుంది, అంతకుమించి చెప్పదు.

అక్షరాస్యత లెక్కకట్టేటప్పుడు ఆరేళ్లలోపు పిల్లల్ని తీసేసి భాగించాలి. ఉదాహరణకి ఒక వార్డులో 15,000 మంది ఉండి, అందులో 1,500 మంది పిల్లలు, 11,000 మంది అక్షరాస్యులు అనుకుందాం. మొత్తం జనాభాతో భాగిస్తే 73 శాతం వస్తుంది, పిల్లల్ని తీసేస్తే 81 దాటుతుంది. పసిపిల్లలు ఎక్కువున్న వార్డుకి మొదటి పద్ధతిలో ఊరికే చెడ్డపేరొస్తుంది.

ఇంకో విచిత్రం బెజవాడకే ప్రత్యేకం. కొన్ని వార్డుల్లో జనాభాని కుటుంబాల సంఖ్యతో భాగిస్తే కుటుంబానికి మనుషులు ఎక్కువ, పిల్లలు మాత్రం తక్కువ, అక్షరాస్యత బ్రహ్మాండం. ఉమ్మడి కుటుంబాలా అని అనుమానం వస్తుంది. కాదు, హాస్టళ్లు. లెక్కలు తీసింది ఫిబ్రవరిలో. ఇంటర్ పరీక్షల ముందు ఈ ఊళ్లో కాలేజీ హాస్టళ్లు ఎలా కిటకిటలాడతాయో చెప్పక్కర్లేదు. హాస్టల్ ఎంత పెద్దదైనా జనాభా సారాంశంలో ఒక సంస్థాగత కుటుంబమే. అందులో వందమంది ఉన్నా ‘ఇల్లు’ ఒకటి. శ్రీకాకుళం నుంచో ప్రకాశం నుంచో వచ్చి రెండేళ్లుండి పోయే పిల్లాడు ఆ వార్డు చదువుకి వన్నె తెచ్చిపోతాడు. ఇళ్ల పట్టికలో మాత్రం హాస్టళ్లు ఉండవు. అందుకని ఈ రెండు పట్టికల్ని పక్కపక్కన పెట్టుకుంటేనే ఆ తేడా బయటపడుతుంది.

ఎస్సీ కాలమ్‌ను కూడా ఈ జిల్లాలో జాగ్రత్తగా చూడాలి. చట్టప్రకారం హిందువులు, సిక్కులు, బౌద్ధులుగా నమోదైనవాళ్లనే ఎస్సీలుగా రాస్తారు. క్రైస్తవులని రాయించుకున్న దళిత కుటుంబాలు ఆ కాలమ్‌లోకి రావు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పుట్టి పెరిగినవాళ్లకి దీని అర్థం వేరే చెప్పనక్కర్లేదు. ఆ అంకె చిన్నగా ఉందని ఆ పేటలో దళితులు తక్కువ అనుకుంటే పొరపాటే.

ఇక ఇళ్ల పట్టిక. మిత్రుడి ప్రశ్న మనసులో పెట్టుకుని చూస్తే అందులో ఒక కాలమ్ దగ్గర కళ్లు ఆగిపోయాయి: ఇంటి కప్పు. వరదొస్తే డాబా ఇంటివాళ్లు మేడెక్కుతారు. సింగ్‌నగర్‌లో జనం రోజుల తరబడి బతికింది డాబాల మీదే. రేకుల ఇంటివాళ్లు, పెంకుటింటివాళ్లు ఎక్కడికి ఎక్కుతారు? పక్కింటివాళ్లు రానిస్తే వాళ్ల మేడ మీదకి. గడ్డి, ప్లాస్టిక్ పట్టాలు, నాటు పెంకులు, మిషన్ పెంకులు, రేకులు, కాంక్రీట్ అని కప్పులన్నీ వేరువేరుగా ఇచ్చారు. పేదరికాన్ని కొలవడానికి పెట్టిన కాలమ్ అది. నేను దాన్ని ‘నీళ్లొస్తే పైకి ఎక్కడానికి సొంత చోటు లేనివాళ్లు’ అని చదువుకున్నాను. దాని పక్కన ఒకే గది ఉన్న కుటుంబాలు, ఏ ఫోనూ లేని కుటుంబాలు, అడిగిన వస్తువుల్లో ఏదీ లేని కుటుంబాలు పెట్టుకున్నాను. ఇల్లు ‘బాగుందా, నివసించదగినదా, శిథిలమా’ అనే కాలమ్ వదిలేశాను. అది ఇంటివాళ్లు అనుకునేదాన్ని బట్టి ఉంటుంది. పెంకులు కారుతున్నా సొంతిల్లు గనక బాగుందనేవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు.

ఈ ప్రశ్నలు అడిగే తీరు ఎలా ఉంటుందో మా పిన్ని దగ్గర తెలుసుకున్నాను. ఆవిడ మున్సిపల్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైంది. అప్పట్లో సెన్సస్ డ్యూటీ పడింది. “గది అంటే మనిషి కాళ్లు చాపుకుని పడుకునేంత ఉండాల్రా. రెండు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు. వంటిల్లు, వరండా, బాత్రూం లెక్కలోకి రావు” అంది. మరి ఉన్న ఒక్క గదిలోనే వండుకుని, తిని, పడుకుంటేనో? “అప్పుడది గదే.” వస్తువుల సంగతి అడిగితే నవ్వింది. “గుమ్మంలో స్కూటర్ కనపడుతూనే ఉంటుంది. మాది కాదండీ, మా బావమరిదిది అంటారు. తెల్లకార్డు పోతుందేమోనని భయం. నేనేం చేస్తాను నాన్నా, వాళ్లు చెప్పిందే రాయాలి.” ఆ తర్వాత నుంచి స్కూటర్, టీవీ కాలమ్‌ల మీద నమ్మకం తగ్గించుకుని, దాచలేని వాటి మీదే ఎక్కువ ఆధారపడ్డాను. కప్పు దాచలేరు, గదులు దాచలేరు.

నీళ్ల కాలమ్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. తాగునీరు ఇంటి ఆవరణలో ఉందా, దగ్గర్లో ఉందా, దూరమా అని మూడు రకాలు. పట్టణాల్లో దగ్గర్లో అంటే 100 మీటర్ల లోపు. ఈ కొలత చదును నేల మీద బాగానే ఉంటుంది. బెజవాడ సగం కొండలెక్కి కూర్చున్న ఊరు. వన్‌టౌన్‌లో, విద్యాధరపురంలో, మాచవరంలో, గుణదలలో, మొగల్రాజపురంలో కొండ వాలు మీద ఒకదాని నెత్తిన ఒకటిగా ఇళ్లున్నాయి. కింద కుళాయి, పైన ఇల్లు, మధ్యలో నిటారు మెట్లు. వంద మీటర్ల లోపే కాబట్టి పట్టికలో అది ‘దగ్గర్లో’. రెండు బిందెలతో ఆ మెట్లెక్కే మనిషిని అడిగితే వేరే మాట చెబుతుంది. జనాభా లెక్కల్లో ఎత్తు అనే కాలమ్ లేదు. వరదకి పల్లం ప్రమాదమైతే వానకి కొండ ప్రమాదం. అదే 2024 ఆగస్టు ఆఖరి వానకి మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి మనుషులు చనిపోయారు. అందుకని నా పట్టికలో ఒక కాలమ్ నేనే చేర్చుకున్నాను: కొండ, చదును, పల్లం, కాలువగట్టు. ఇది ఏ ఫైల్లోనూ దొరకదు, తిరిగి రాసుకోవాల్సిందే.

రెండు మూడు వార్డులు కలిపి ఒక పేటగా చూడాలన్నప్పుడు ఇంకో చిక్కు ఉంది. ఇళ్ల పట్టికలో చాలావరకు శాతాలే ఇస్తారు. 10,000 కుటుంబాల వార్డులో రేకుల ఇళ్లు 20 శాతం, 2,000 కుటుంబాల వార్డులో 80 శాతం అయితే, రెంటి సగటు 50 అని రాయకూడదు. కుటుంబాల సంఖ్యతో గుణించి, కలిపి, మళ్లీ భాగిస్తే వచ్చేది 30 శాతమే. ఆడిట్ చేసేవాళ్లకి ఇది కొత్త విషయమేం కాదు గానీ, ఇలా ఉత్త సగటుతో రంగులేసిన మ్యాపులు చాలానే చూశాను.

అన్నిటికంటే ఎక్కువ టైమ్ తిన్నది వార్డుల హద్దులు. 2011 లెక్కల నాటికి విజయవాడలో వార్డులు 59. 2021 కార్పొరేషన్ ఎన్నికల నాటికి 64 అయ్యాయి. నంబర్లు మారాయి, గీతలు మారాయి. ఇప్పటి కార్పొరేటర్ బోర్డు మీద ఉన్న డివిజన్ నంబరుతో పాత ఫైలు తెరిస్తే ఇంకెక్కడో తేలతాం. పాత వార్డు మ్యాపు బొమ్మగా దొరికింది. దాన్ని క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో పెట్టి, రైలు పట్టాలు, ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ, ప్రకాశం బ్యారేజీ ఆనవాళ్లుగా ఇప్పటి మ్యాపు మీద కూర్చోబెట్టాను. కాలువలు, పట్టాలు ఉండబట్టి సరిపోయింది. ఈ ఊరి హద్దులు చాలావరకు వాటి వెంటే పోతాయి. సందుల్లో గీత ఎటు తిరిగిందో తెలియని చోట డోర్ నంబరు మొదటి భాగం చూసుకుంటూ, పాత కిరాణా కొట్లవాళ్లని అడుగుతూ తేల్చుకున్నాం. “పాత వార్డా, కొత్త వార్డా?” అని ఎదురు ప్రశ్న వేసే పెద్దాయన దొరికిన వీధిలో పని సగం అయినట్టే.

పట్టిక చేత్తో పట్టుకుని తిరిగితే ముందు తెలిసొచ్చింది సగటు చేసే మాయ. ఒక వార్డులో కాంక్రీట్ కప్పులు బాగానే ఉన్నాయి, ఒకే గది కుటుంబాలూ బాగానే ఉన్నాయి. కాగితం మీద అదొక మధ్యతరగతి పేట. వెళ్లి చూస్తే మధ్యతరగతి ఎక్కడా లేదు. రోడ్డు వైపు అపార్ట్‌మెంట్లు, వెనక కొండ మీద ఒంటిగది ఇళ్లు. రెండూ కలిసి ఎక్కడా లేని ఒక మూడో పేటని పట్టికలో సృష్టించాయి. దీనికి మందు ఏమిటంటే ఒక్క కాలమ్‌ని నమ్మకుండా రెండు చివరలూ చూడటం. కార్లున్న కుటుంబాలూ, ఏ వస్తువూ లేని కుటుంబాలూ రెండూ ఊరి సగటుకంటే ఎక్కువుంటే ఆ వార్డు రెండు ముక్కలని రాసుకుని, రెండో ముక్క ఎక్కడుందో వెతుక్కోవాలి. అలాంటి వార్డులు మా ఊళ్లో ఒకటీ రెండూ కాదు.

మురికివాడల లెక్క కూడా వేరే ఉంది. 2011లో పది లక్షలు దాటిన నగరాల్లో మురికివాడల కుటుంబాల వాటా చూస్తే విశాఖ 44.1 శాతంతో అన్నిటికంటే పైన. విజయవాడ 40.6తో నాలుగో స్థానం, ముంబయి తర్వాత. గ్రేటర్ హైదరాబాద్ 31.9. మొదటిసారి చూసినప్పుడు ముంబయి పక్కన మన ఊరేమిటని మిత్రులు నమ్మలేదు. అయితే ఇందులో ప్రభుత్వం నోటిఫై చేసినవీ, గుర్తించినవీ, లెక్కలవాళ్లు సొంతంగా గుర్తుపట్టినవీ మూడూ కలిసి ఉంటాయి. కనీసం 300 జనాభా లేదా 60, 70 కుటుంబాలు ఒకచోట ఇరుకుగా ఉంటేనే మూడో రకంలోకి వస్తాయి. ఒకసారి నోటిఫై అయిన పేటలో తర్వాత మేడలు లేచినా పేరు అలాగే ఉండొచ్చు. కాలువగట్టు మీద ముప్పై కుటుంబాలుంటే ఏ జాబితాలోకీ రాకపోవచ్చు. మాకు కావాల్సింది ఆ ముప్పై కుటుంబాలే.

పదిహేనేళ్ల కిందటి లెక్కలు ఇప్పుడెందుకని చాలామంది అడిగారు. న్యాయమైన ప్రశ్నే. తిరిగినప్పుడు కొన్ని వీధుల్లో రేకులు పోయి స్లాబులు వచ్చాయి. కొన్నిచోట్ల తిరకాసు ఇంకోలా ఉంది. డాబా మీద రేకుల షెడ్డు వేసి అద్దెకిచ్చారు. పట్టికలో అది రేకుల ఇల్లే, వరదలో మాత్రం ఆ వీధిలోకెల్లా భద్రమైన చోటు. అయినా మేము చూసినంతలో పేటల వరస పెద్దగా తారుమారు కాలేదు. అప్పుడు అడుగున ఉన్నవి చాలావరకు ఇప్పుడూ అడుగునే ఉన్నాయి, అంకెలు మాత్రం మారి ఉంటాయి. అందుకే మేం పాత లెక్కని ‘ఇక్కడ ఇన్ని ఇళ్లు’ అని వాడలేదు, ‘ముందు ఇక్కడికి వెళ్లి చూడు’ అని వాడాం.

పాత లెక్క అసలు పనికిరానిది ఊరి అంచుల్లో. పటమట దాటి నాలుగడుగులేస్తే కానూరు. అక్కడి అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లు తమని తాము బెజవాడ వాళ్లనే అనుకుంటారు. 2011 నగరపాలక సంస్థ పట్టికలో వాళ్లు లేరు. కానూరు, యనమలకుదురు, పోరంకి, తాడిగడప అప్పటికి పంచాయతీలు, తర్వాతే మున్సిపాలిటీ అయ్యాయి. అవతల తాడేపల్లి అయితే గుంటూరు జిల్లా ఫైల్లో ఉంటుంది. ఊరు ఎక్కువ పెరిగింది ఆ వైపులే. నగరం వరకే మ్యాపు గీస్తే, కొత్త ఊరు మొత్తం తెల్లగా మిగిలిపోతుంది.

చివరికి తయారైంది ఒక పేజీన్నర జాబితా. పాత వార్డు, ఇప్పటి డివిజన్, అందులో చూడాల్సిన వీధులు, నేల ఎలాంటిది, కప్పులు ఎలాంటివి, ఆ వీధిలో ఎప్పుడూ తెరిచుండే కిరాణా కొట్టో టీ కొట్టో ఎక్కడుంది. వీధికొకళ్ల ఫోన్ నంబరు ఉంటే, అవతల నుంచి ఫోన్ రాకపోతే మనమే చేయొచ్చు. మా బృందంలో ఒకరు దీన్ని ఎర్రరంగు మ్యాపుగా చేసి ఫేస్‌బుక్‌లో పెడదామన్నారు. నేను ఒప్పుకోలేదు. నంబర్లు బయట పడతాయన్నది ఒక కారణం. ఒక పేటకి ఎర్రరంగు పూస్తే అక్కడి పిల్లకి సంబంధాలు చూసేటప్పుడు, అక్కడి కుర్రాడు ఇల్లు అద్దెకి అడిగినప్పుడు ఆ రంగు వెంటపడుతుంది. అదీ పదిహేనేళ్ల కిందటి రంగు. ఈ వ్యాసంలో వార్డు నంబర్లు రాయకపోవడానికీ కారణం అదే. దీని మీద మా మధ్య వాదన ఇంకా నడుస్తూనే ఉంది. బయట పెడితేనే కుళాయిలొస్తాయని అతని వాదన, అది కొట్టిపారేసేది కాదు.

కొత్త జనాభా లెక్కలకి 2025 జూన్ 16న నోటిఫికేషన్ వచ్చింది. ఇళ్ల లెక్క 2026లో, మనుషుల లెక్క 2027 ఫిబ్రవరిలో. ఈసారి కులం కూడా అడుగుతారు, కాగితాల బదులు ఫోన్ యాప్‌లో నింపుతారు. ఇంట్లో ఇంటర్నెట్ ఉందా అని ఈసారి విడిగా ఒక ప్రశ్న కూడా ఉంది, ఆపద వేళ ఎవరికి మెసేజ్ చేరుతుందో చెప్పే కాలమ్ అది. ఇళ్ల పట్టికలు రాగానే నేను ముందు తెరిచేది తాడిగడప, ఆ తర్వాత సింగ్‌నగర్ వైపు వార్డులు. పాత 59 వార్డుల్ని కొత్త 64తో జతచేసిన ఫైలు సిద్ధంగా ఉంది. విజయవాడ మీద ఇలాంటి పని ఎవరైనా చేస్తుంటే ఫోన్ నంబర్లు లేకుండా ఆ ఫైలు ఇస్తాను. విశాఖకి, గుంటూరుకి ఇలా పాత వార్డుల్ని కొత్త వాటితో జతచేసినవాళ్లు ఉంటే చెప్పండి, పద్ధతి పోల్చి చూసుకుందాం.